మామునూరు రన్‌వేకు అడ్డగాలి లెక్క కూడా కావాలి

సంపాదకులకు నమస్కారం.

మామునూరు విమానాశ్రయం మళ్లీ తెరుచుకోవాలన్న కోరిక ఓరుగల్లుకు కొత్తది కాదు. నిజాం ఏలుబడిలో 1930లో కట్టిన ఈ విమానాశ్రయం 1981 నాటికి మూతపడింది. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పంద నిబంధన అడ్డు తొలగాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. అదనంగా కావాల్సిన 253 ఎకరాల కోసం రాష్ట్ర ప్రభుత్వం అంతకుముందే, 2024 నవంబరులో, 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అప్పటి నుంచి మన దగ్గర మాటలన్నీ భూముల రేట్ల చుట్టూ, ఏ ఊరికి ఎప్పుడు విమానం అన్నదాని చుట్టూనే తిరుగుతున్నాయి. రన్‌వే మీద వీచే గాలి గురించి, అందులోనూ దానికి పక్క నుంచి అడ్డంగా తగిలే అడ్డగాలి గురించి, మాట్లాడినవాళ్లు కనిపించలేదు. పెద్ద విమానాలు వచ్చే చోటికి ఇవాళో రేపో శిక్షణ విమానాలూ వస్తాయి. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పిల్లలు పైలట్ చదువుకు ఇప్పటికే వేరే రాష్ట్రాలకు వెళ్తున్నారు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న విమానం రన్‌వే పక్కకు దూసుకుపోయిందనో, ముందు చక్రం విరిగి బోర్లాపడిందనో వార్త వచ్చినప్పుడల్లా ‘బలమైన గాలికి అదుపు తప్పింది’ అని రాస్తుంటారు. ఆ మాటతో విచారణ ముగిసిపోయినట్టు అనిపిస్తుంది. కానీ గాలి దిక్కు, వేగం దిగకముందే రేడియోలో చెప్తారు. గాలికి ఊగే గుడ్డ గొట్టం, అదే విండ్‌సాక్, చూపిస్తూనే ఉంటుంది. విమానం ఎంత అడ్డగాలి తట్టుకుంటుందో దాన్ని తయారుచేసినవాళ్లు ఇచ్చే హ్యాండ్‌బుక్‌లో అచ్చేసి ఉంటుంది. ఉరుముల గాలిదుమారం ఉన్నట్టుండి మీద పడిన సందర్భాలు వేరు. మిగతావాటిలో ఎక్కువ భాగం లెక్క వేయకపోవడం వల్లనో, మళ్లీ పైకి లేవాల్సిన చోట లేవకపోవడం వల్లనో, చక్రం నేలకు తగలగానే కంట్రోల్స్ వదిలేయడం వల్లనో జరుగుతాయి. ఈ మూడూ నేర్పితే వచ్చేవే.

ముందు అంకెలు చూద్దాం. శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 152 నిండు బరువు 757 కిలోలు, సెస్నా 172ఎస్‌ది 1,157 కిలోలు. హ్యాండ్‌బుక్ ప్రకారం మొదటిది 12 నాట్లు, రెండోది 15 నాట్ల అడ్డగాలిలో దిగి చూపించింది. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు కాబట్టి అవి సుమారు 22, 28 కిలోమీటర్లు అవుతాయి. దిగి చూపించింది అనే మాట ముఖ్యం. అది చట్టం గీసిన గీత కాదు, పరీక్షల్లో పైలట్ రుజువు చేసిన గాలి. ఫ్లాప్స్ (రెక్కల వెనుక అంచున కిందికి దిగే పలకలు) పూర్తిగా దించినప్పటి స్టాల్ వేగంలో, అంటే అంతకు తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగంలో, కనీసం ఐదో వంతు అడ్డగాలిని తట్టుకుంటుందని చూపాలన్నది ఈ విమానాలకు వర్తించిన పాత అమెరికా ధ్రువీకరణ నియమం. ఈ అంకెను రెండు వైపులా తప్పుగా అర్థం చేసుకుంటారు. నిషేధం కాదు గనక ఇంకో ఐదు నాట్లు ఎక్కువైనా ఫరవాలేదని అనుభవం ఉన్నవాళ్లు అనుకుంటారు. హ్యాండ్‌బుక్‌లో 15 ఉంది గనక తనకూ 15 చెల్లుతుందని నిన్నగాక మొన్న సోలో అయిన, అంటే ఒంటరిగా ఎగిరిన, విద్యార్థి అనుకుంటాడు. విమానానికి ఉన్న హద్దు వేరు, దాన్ని నడిపే మనిషికి ఆ రోజున ఉన్న హద్దు వేరు. రెంటిలో చిన్నదే పాటించాలి.

గాలి మొత్తం వేగం అడ్డగాలి కాదు. రన్‌వే దిక్కుకు, గాలి వచ్చే దిక్కుకు మధ్య కోణం 30 డిగ్రీలైతే వేగంలో సగం, 45 అయితే దాదాపు 70 శాతం, 60 అయితే 87 శాతం, 90 అయితే మొత్తం అడ్డంగా తగులుతుంది. కాక్‌పిట్‌లో కాలిక్యులేటర్ తీయక్కర్లేదు. 30 దాకా సగం, 45 దాకా ముప్పావు, అది దాటితే పూర్తి అని పట్టుకుంటే తప్పు ఎప్పుడూ భద్రత వైపే ఉంటుంది.

ఒక ఉదాహరణ. పడమటి ముఖంగా 270 డిగ్రీల రన్‌వే, గాలి 220 డిగ్రీల నుంచి 12 నాట్లు, విసురు (ఉన్నట్టుండి పెరిగే గాలి) 22 నాట్లు. కోణం 50 డిగ్రీలు, అంటే వేగంలో 77 శాతం అడ్డంగా వస్తుంది. నిలకడ గాలితో చూస్తే అడ్డగాలి 9 నాట్లే, 152 కూడా దిగొచ్చు. విసురుతో లెక్కేస్తే దాదాపు 17 నాట్లు, 172కు కూడా అంకె దాటింది. చక్రం నేలను తాకే రెండు సెకన్లలో విసురు రాదని ఎవరూ పూచీ ఇవ్వలేరు గనక విసురుతోనే లెక్కేయాలి. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. విమానాశ్రయాల వాతావరణ నివేదిక మెటార్‌లో ఇచ్చేది పది నిమిషాల సగటు గాలి. విసురు ఆ సగటు కన్నా 10 నాట్లు ఎక్కువైతే తప్ప అందులో విడిగా రాయరు. కాబట్టి ‘14 నాట్లు’ అని మాత్రమే ఉన్న నివేదిక వెనుక 22, 23 నాట్ల విసురు ఉండే వీలుంది. టవర్ ఉన్నచోట దిగేముందు చెప్పేది రెండు నిమిషాల సగటు, అది కాస్త నయం. వాతావరణ కేంద్రం మన జిల్లాలకు ‘గంటకు 30 నుంచి 40 కిలోమీటర్ల ఈదురుగాలులు’ అని ఎల్లో అలర్ట్ ఇచ్చిందంటే అది 16 నుంచి 22 నాట్లు. రైతుకు మామిడికాయ రాలుతుందా లేదా అన్నది చెప్పే ఆ అంకే, అడ్డంగా తగిలితే రెండు సెస్నాలకూ ఎక్కువ.

చాలామంది అడ్డగాలి పరీక్ష రన్‌వే మీద మొదలవుతుందనుకుంటారు. నా అభిప్రాయంలో అది అంతకు నాలుగు నిమిషాల ముందే, సర్క్యూట్‌లో, అంటే దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే దారిలో, మొదలవుతుంది. ప్రాణం తీసేదీ అక్కడే. పై ఉదాహరణే తీసుకుందాం. రన్‌వే 270, ఎడమ సర్క్యూట్, గాలి నైరుతి నుంచి. డౌన్‌విండ్‌లో, అంటే రన్‌వేకు సమాంతరంగా వెనక్కి పోయే భాగంలో, విమానం తూర్పు ముఖంగా, రన్‌వేకు దక్షిణాన పోతుంటుంది. గాలి దాన్ని ఉత్తరానికి, అంటే రన్‌వే వైపుకే, తోస్తుంటుంది. ముక్కు కాస్త కుడికి పెట్టి ఆపకపోతే రన్‌వేకు, విమానానికి మధ్య దూరం తెలియకుండానే తరిగిపోతుంది. తర్వాత ఎడమకు తిరిగి బేస్‌లోకి, అంటే రన్‌వే వరస వైపు అడ్డంగా పోయే భాగంలోకి, వస్తే ముక్కు ఉత్తరానికి ఉంటుంది. ఇప్పుడు అదే గాలిలో 9 నాట్లు వెనుక నుంచి తోస్తాయి. దూరం తగ్గింది, నేల మీద వేగం పెరిగింది. ఫైనల్‌కు, అంటే రన్‌వే మీదికి తిన్నగా దిగే చివరి భాగానికి, తిరగాల్సిన క్షణం రోజూ కన్నా ముందే వచ్చేస్తుంది. అలవాటు ప్రకారం తిరిగేసరికి సెంటర్‌లైన్ (రన్‌వే నడిమి గీత వరస) దాటిపోయి ఉంటుంది.

తర్వాత జరిగేది ప్రతి శిక్షకుడికీ తెలిసిందే. తక్కువ ఎత్తులో ఎక్కువ వాల్చడానికి విద్యార్థికి భయం. అందుకని రెక్కను వాల్చకుండా ఎడమ రడ్డర్ (తోక నిలువు పలకను కదిపే పెడల్) తొక్కి ముక్కును రన్‌వే వైపు లాగుతాడు. రడ్డర్ వల్ల లోపలి రెక్క ఇంకా దిగబోతుంది, దాన్ని ఆపడానికి ఏలరాన్ (రెక్కను వాల్చే, రెక్క చివరి పలక) కుడికి తిప్పుతాడు. ముక్కు కిందికి జారుతుంది, దాన్ని లేపడానికి యోక్ (చేతి స్టీరింగ్) వెనక్కి లాగుతాడు. స్టాల్ అంచున, ఎడమ రడ్డర్ తొక్కి, ఏలరాన్ కుడికి తిప్పిన ఆ స్థితిలో లోపలి రెక్క ముందుగా స్టాల్ అవుతుంది, విమానం దాని మీదుగా తిరగబడి స్పిన్‌లోకి, అంటే గింగిరాలు తిరుగుతూ పడిపోయే స్థితిలోకి, పోతుంది. నాలుగైదు వందల అడుగుల ఎత్తు దాని నుంచి తేరుకోవడానికి చాలదు. సమంగా తిరిగే మలుపులో 30 డిగ్రీల వాలుకు స్టాల్ వేగం 7 శాతం పెరుగుతుంది, 45కు 19 శాతం, 60కు 41 శాతం. కాబట్టి సర్క్యూట్‌లో 30 డిగ్రీలే హద్దు. అందులో సెంటర్‌లైన్ అందకపోతే ఆ ప్రయత్నం అక్కడితో సరి, పవర్ పెట్టి చుట్టూ తిరిగి రావాలి. బేస్‌లో వెనుకగాలి ఉంటుందని డౌన్‌విండ్‌లోనే గుర్తుపెట్టుకుని సర్క్యూట్‌ను వెడల్పుగా తిప్పి, మలుపు ముందే మొదలుపెడితే ఈ గొడవంతా ఉండదు.

ఫైనల్‌లో సెంటర్‌లైన్ మీద నిలవడానికి ముక్కును గాలి వైపు తిప్పి పెడతారు. గోదావరి నిండుగా పారుతున్నప్పుడు పడవవాడు అవతలి రేవుకు సూటిగా పోకుండా ఎగువకు మొన పెట్టినట్టే ఇది. 65 నాట్ల వేగంతో వస్తూ 9 నాట్ల అడ్డగాలి ఉంటే ముక్కు 8 డిగ్రీలు ఎడమకు ఉండాలి. రెక్కలు సమంగా, పక్కజారుడు చూపే మీటర్‌లోని బంతి మధ్యలో, విమానం ఏటవాలుగా చూస్తూ తిన్నగా వస్తుంది. కొత్తవాళ్లకు ఈ దృశ్యం తప్పనిపిస్తుంది. కిటికీలోంచి రన్‌వే పక్కకు కనిపించేసరికి రడ్డర్‌తో ముక్కు సరిచేస్తారు, వెంటనే గాలి వాళ్లను కుడికి మోసుకుపోతుంది.

వేగం గురించి రెండు మాటలు. విసురుకు, నిలకడ గాలికి తేడా ఎంతో అందులో సగం మామూలు వేగానికి కలపాలి. 12కు, 22కు తేడా 10, కాబట్టి 5 కలిపి 70 నాట్లతో రావాలి. భయంతో 15 కలిపేవాళ్లున్నారు. వేగం పది శాతం పెరిగితే దిగే దూరం ఇరవై శాతం పెరుగుతుంది. పైగా నేల మీద తేలుతున్నంతసేపూ గాలికి దొరికినట్టే. ఫ్లాప్స్ విషయంలో, రన్‌వే పొడవుకు సరిపడా తక్కువ ఫ్లాప్సే వాడమని సెస్నా హ్యాండ్‌బుకే చెప్తుంది. 172లో 20 డిగ్రీలు దాటిన ఫ్లాప్స్‌తో, పూర్తి రడ్డర్‌తో సైడ్‌స్లిప్ చేస్తే (రెక్క దించి, ఎదుటి రడ్డర్ తొక్కితే) ఎలివేటర్, అంటే ముక్కును లేపి దించే తోక పలక, కొంచెం ఊగొచ్చని కూడా అందులోనే ఉంది. ప్రమాదం కాదు గానీ, తెలియని విద్యార్థి చేతిలో యోక్ వణికితే బెదిరిపోతాడు.

ముక్కు పక్కకు పెట్టుకుని నేలను తాకకూడదు. టైర్ల మీద పక్కవాటు బరువు పడుతుంది, చక్రాల కాళ్లు అందుకోసం చేసినవి కావు. అందుకే చివర్లో ముక్కును రన్‌వే వరసకు తేవాలి. దానికి రెండు దారులున్నాయి. ఆఖరి క్షణం దాకా ఏటవాలుగానే వచ్చి, తాకబోయే ముందు రడ్డర్‌తో ఒక్కసారి సరిచేయడం ఒకటి. జడత్వం వల్ల విమానం ఒకట్రెండు సెకన్లు తిన్నగానే పోతుంది, ఆ లోపు చక్రం తాకాలి. బరువైన విమానాలకు అది నప్పుతుంది. 152 లాంటి తేలిక విమానాన్ని గాలి త్వరగా పట్టుకుంటుంది. నేర్చుకునేవాళ్లకు రెండో దారే మంచిదని నా గట్టి అభిప్రాయం. గాలి వచ్చే వైపు రెక్కను దించి, ఎదుటి రడ్డర్‌తో ముక్కును నిలపడం. దీనికి సమయం దొరుకుతుంది, తప్పు ముందే కనిపిస్తుంది, సరిచేసుకునే వీలుంటుంది.

పని విభజన స్పష్టంగా ఉండాలి. ముక్కు ఎటు చూడాలో కాళ్లు చూసుకుంటాయి, విమానం ఎటు జరగాలో చేయి చూసుకుంటుంది. ఎడమ నుంచి గాలి అయితే రెండు వందల అడుగుల దగ్గర కుడి రడ్డర్ నెమ్మదిగా తొక్కి ముక్కును సెంటర్‌లైన్‌కు వరసగా తెచ్చి, అదే సమయంలో ఎడమ రెక్క దించాలి. కుడికి జరుగుతుంటే ఇంకాస్త దించాలి, ఎడమకు జరుగుతుంటే కాస్త లేపాలి. వాలు మారిన ప్రతిసారీ రడ్డర్ కూడా మార్చాలి. ఇక్కడే తిరుగులేని పరీక్ష ఒకటుంది. కుడి రడ్డర్ చివరి దాకా తొక్కినా ముక్కు సెంటర్‌లైన్‌కు రాకపోతే, ఆ వేగంలో ఆ విమానానికి ఆ గాలి ఎక్కువ. హ్యాండ్‌బుక్ అంకె ఏమైనా సరే, అక్కడ దిగకూడదు. నేల దగ్గర గాలి కాస్త తగ్గుతుందన్నది నిజమే. దాన్ని నమ్ముకుని ముందుకు పోవడం మాత్రం తగదు.

రన్‌వే మీద పదిహేను అడుగుల ఎత్తులో ఏం జరుగుతుందో చూడండి. పవర్ తగ్గించాక వేగం తరుగుతుంటుంది. వేగం తగ్గిన కొద్దీ ఏలరాన్, రడ్డర్ మెత్తబడతాయి. అంటే నిమిషం క్రితం రెండు అంగుళాలు తిప్పితే చాలిన యోక్ ఇప్పుడు నాలుగు అంగుళాలు తిప్పాలి. అదే క్షణంలో ఫ్లేర్ (తాకే ముందు ముక్కు లేపడం) కోసం యోక్‌ను వెనక్కి కూడా లాగాలి. దించిన రెక్కను చూసి చాలామంది తాకబోయే ముందు దాన్ని సమం చేసేస్తారు. సహజంగా వచ్చే కోరిక అది, దిగేటప్పుడు రెక్కలు సమంగా ఉండాలని మొదటి రోజు నుంచీ నేర్పాం కదా. సమం చేసిన మరుక్షణం విమానం కుడికి జారుతుంది, జారుతూనే తాకుతుంది. ముందు ఎడమ చక్రం ఒక్కటే తాకాలి. టైరు ఒక్కటే కీచుమంటుంది. ఒంటి చక్రం మీద ఒక క్షణం పరుగెడుతుంది. తర్వాత కుడి చక్రం, అన్నిటికన్నా చివర ముందు చక్రం. సరిగ్గా చేసిన దిగుడు అంటే ఇదే.

ముందు చక్రం దించేటప్పుడు ఇంకో మెలిక. సెస్నాలో రడ్డర్ పెడల్స్‌కు ముందు చక్రం స్టీరింగ్ కలిపి ఉంటుంది. కుడి రడ్డర్ తొక్కి పట్టుకునే ముందు చక్రాన్ని నేలకు కొడితే విమానం కుడికి ఒక్కసారిగా మెలిక తిరుగుతుంది. కాబట్టి చక్రం నేలను తాకే సమయానికి పెడల్ మధ్యకు రావాలి. ఆ వెంటనే, తోకను గాలి నెట్టడం వల్ల ముక్కు గాలి వైపు తిరగబోతుంది, దాన్ని మళ్లీ పాదాలతోనే ఆపాలి. పెడల్ వదిలినప్పుడు ఏలరాన్‌ను మాత్రం వదలకూడదు. వేగం తగ్గుతున్న కొద్దీ యోక్‌ను గాలి వైపు ఇంకా ఇంకా తిప్పుతూ, విమానం నడక వేగానికి వచ్చేసరికి చివరిదాకా తిప్పి ఉండాలి. దానివల్ల గాలి వైపు రెక్క లేవదు. అవతలి రెక్క కింద దిగిన ఏలరాన్ వల్ల కలిగే ఈడ్పు ముక్కు గాలి వైపు తిరగకుండా కొంత సాయపడుతుంది కూడా. చక్రాలు తాకగానే ‘అయిపోయింది’ అని యోక్‌ను మధ్యకు వదిలేసేవాళ్లే తర్వాత రన్‌వే పక్క గడ్డిలో తేలతారు. ఫ్లాప్స్ లివర్ కోసం అప్పుడే చేయి చాచడం కూడా అనవసరం. రన్‌వే వదిలాక తీరిగ్గా ఎత్తుకోవచ్చు. ట్యాక్సీలో, అంటే నేల మీద నడిపేటప్పుడు, కూడా గాలి ముందు పక్క నుంచైతే యోక్ గాలి వైపు, వెనుక పక్క నుంచైతే గాలికి వ్యతిరేక వైపు తిప్పి ముందుకు నెట్టి ఉంచాలి.

మన దగ్గర గాలి కాలమూ వాన కాలమూ ఒకటే గనక నీళ్ల సంగతి వదలకూడదు. తడి రన్‌వే మీద టైరు నీటి పొర మీద తేలే వేగాన్ని ఒక సూత్రంతో అంచనా వేస్తారు. టైరు ఒత్తిడి ఎన్ని పీఎస్‌ఐలో దాని వర్గమూలాన్ని 9తో గుణించాలి. ఒత్తిడి 29 అయితే 48 నాట్లు వస్తుంది, దాదాపు దిగే వేగమే. తేలే టైరుకు పక్కవాటు పట్టు ఉండదు, బ్రేకు పనిచేయదు. అప్పుడు విమానాన్ని వరసలో ఉంచేది రడ్డరూ ఏలరానూ మాత్రమే. రోజూ పొద్దున టైరు గాలి చూసే అలవాటుకు ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

తాకి ఎగిరిపడితే ఏం చేయాలి? అడ్డగాలిలో ఎగిరిపడ్డ విమానం దాదాపు ఎప్పుడూ రెక్క సమంగా, వేగం తక్కువగా ఉంటుంది, గాలి దాన్ని తోస్తుంటుంది. రెండోసారి తాకేది పక్కకు జారుతూనే. దాన్ని సర్దబోయే బదులు గో అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి ఎక్కడం, మేలు. పవర్ పూర్తిగా కానీ నింపాదిగా పెట్టి, ముక్కు ఎగరకుండా ఆపి, 172లో ఫ్లాప్స్‌ను 20కి తెచ్చి, ఎక్కడం మొదలయ్యాక మిగతావి అంచెలంచెలుగా ఎత్తాలి. 152లో, పాత 172ల్లో కార్బ్యురేటర్ హీట్ (మంచు కట్టకుండా ఇంజిన్‌కు వేడిగాలి పంపే మీట) మూయడం మరిచిపోవద్దు. పవర్ పెట్టగానే ఇంజిన్ వల్ల ముక్కు ఎడమకు లాగుతుంది. గాలి కూడా ఎడమ నుంచే ఉంటే రెండు లాగుళ్లూ కలుస్తాయి, కుడి రడ్డర్ ఊహించినదాని కన్నా చాలా ఎక్కువ కావాలి. గో అరౌండ్ చేసిన విద్యార్థిని ఎవరైనా చిన్నచూపు చూస్తే ఆ స్కూలు వాతావరణంలోనే లోపం ఉంది.

ఇక శిక్షణ. మన ఎండలకు ఫ్లయింగ్ అంతా తెల్లవారుజామున పెట్టుకోవడం సహజం. పొద్దున గాలి పడి ఉంటుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కాకే గాలి లేస్తుంది, విసురూ వస్తుంది. ఎండాకాలం ఇంకో తిప్పలు. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 870 అడుగుల ఎత్తులో ఉంది. 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి సాంద్రత 4,300 అడుగుల ఎత్తులోని గాలికి సమానం. మీటర్‌లో అదే 65 నాట్లు చూపిస్తున్నా నిజ వేగం ఆరేడు శాతం ఎక్కువ ఉంటుంది. ఇదంతా తప్పించుకుని ఆరింటికి లేచి ఎనిమిదింటికి దిగే గంటలతోనే కమర్షియల్ లైసెన్సుకు కావాల్సిన 200 గంటలు నింపుకుంటే, లాగ్‌బుక్ నిండుతుంది గానీ అడ్డగాలి చేతికి రాదు. అప్పోసప్పో చేసి లక్షలు కట్టే తల్లిదండ్రులు స్కూలును ఈ సంగతులు అడగాలి. సోలో విద్యార్థికి అడ్డగాలి హద్దు ఎంత, అది రాసిపెట్టి ఉందా? శిక్షకుడితో కలిసి ఐదు నాట్లలో, తర్వాత ఎనిమిదిలో, తర్వాత పన్నెండులో దిగే పాఠాలు విడిగా ఉన్నాయా? మధ్యాహ్నం గాలిలో ఎన్ని గంటలు ఎగరేస్తారు? సమాధానం నీళ్లు నములుతూ వస్తే ఇంకో స్కూలు చూసుకోవడం మంచిది.

బాగా పనిచేసే అభ్యాసం ఒకటుంది. పొడవైన రన్‌వే మీద, టవర్ అనుమతితో, శిక్షకుడు పక్కన ఉండగా, దిగకుండా ఐదు పది అడుగుల ఎత్తులో చివరిదాకా పోవడం. ముక్కును రడ్డర్‌తో వరసలో ఉంచి, రెక్క వాలుతో విమానాన్ని సెంటర్‌లైన్‌కు ఎడమకు జరిపి, మళ్లీ మధ్యకు తెచ్చి, కుడికి జరపాలి. మామూలు దిగుడులో ఈ పనికి దొరికేది మూడు నాలుగు సెకన్లు. మామునూరు పాత రన్‌వే పొడవు 1.8 కిలోమీటర్లు. 60 నాట్లతో దాని మీదుగా పోతే దాదాపు నిమిషం పడుతుంది, ఎక్కడానికి చోటు వదిలినా అరనిమిషం అభ్యాసం మిగులుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో మొగులు పట్టి గాలిదుమారం లేచినప్పుడు పైన చెప్పిన నేర్పు ఏదీ పనికిరాదు. ఉరుముల మబ్బు ముందు దూసుకొచ్చే చల్లగాలి రెండు మూడు నిమిషాల్లో దిక్కు పూర్తిగా మార్చేస్తుంది, వానకన్నా ముందే వస్తుంది. అప్పుడు దూరంగా పోయి ఆగడమో, వేరే చోటికి వెళ్లడమో తప్ప మార్గం లేదు. మామునూరు నుంచి బేగంపేట గాలిలో సుమారు 130 కిలోమీటర్లు. 100 నాట్ల విమానానికి ముప్పావు గంట దాకా, నైరుతి గాలి ఎదురైతే ఇంకా ఎక్కువ. ఆ ఇంధనం బయల్దేరకముందే ట్యాంకులో ఉండాలి. ఇంకో సంగతి, బేగంపేట, శంషాబాద్ రన్‌వేలు రెండు చోట్లా తూర్పు పడమరలుగానే, 09, 27గా ఉన్నాయి. దక్షిణం నుంచో ఉత్తరం నుంచో గాలి కొట్టే రోజున అంత దూరం పోయినా దొరికేది మళ్లీ అడ్డగాలే కావచ్చు.

అందుకే మామునూరు గురించి అధికారులను అడిగేవి కొన్ని ఉన్నాయి. రన్‌వే దిక్కు ఎంపికకు అంతర్జాతీయ ప్రమాణం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) అనెక్స్ 14లో ఉంది. కనీసం 95 శాతం సమయం అడ్డగాలి హద్దులోపు ఉండాలని, దానికి ఐదేళ్లకు తగ్గకుండా, రోజుకు కనీసం ఎనిమిదిసార్లు గాలి కొలతలు చూడాలని అది సూచిస్తుంది. ఆ హద్దు విమానాన్ని బట్టి మారుతుంది. 1,500 మీటర్లో అంతకన్నా ఎక్కువో రన్‌వే కావాల్సిన విమానాలకు 20 నాట్లు, 1,200 నుంచి 1,500 మీటర్ల వాటికి 13, అంతకన్నా చిన్నవాటికి 10. పెద్ద విమానాలకు 95 శాతం సరిపోయిన రన్‌వే చిన్న విమానాలకు సరిపోతుందన్న హామీ ఏమీ లేదు. రన్‌వే దిక్కు ఇప్పుడు మార్చే పరిస్థితి లేకపోయినా, 10 నాట్ల లెక్క కూడా వేసి, ఏ నెలలో ఏ గంటల్లో అడ్డగాలి ఎంత ఉంటుందో బయట పెట్టొచ్చు. నిర్మాణం నడుస్తుండగానే పది మీటర్ల స్తంభం మీద గాలి కొలిచే పరికరం పెట్టి రికార్డు మొదలుపెడితే, తెరిచే నాటికి చేతిలో కొంత సమాచారం ఉంటుంది.

విండ్‌సాక్ ఒక్కటి టెర్మినల్ దగ్గర పెట్టి చేతులు దులుపుకోవద్దు. రన్‌వే రెండు కొసలా చెరొకటి కావాలి. ప్రమాణం ప్రకారం పొడవు 3.6 మీటర్లకు, పెద్ద మూతి వెడల్పు 0.9 మీటర్లకు తగ్గకూడదు, 300 మీటర్ల ఎత్తు నుంచి కనిపించాలి. ఎండకు వెలిసి, చినిగి, కడ్డీకి చుట్టుకుపోయిన గుడ్డ తప్పుడు దిక్కు చూపిస్తుంది, అది లేకపోవడం కన్నా ప్రమాదం. వానాకాలానికి ముందు, తర్వాత మార్చే పద్ధతి పెట్టాలి.

చివరిగా చుట్టుపక్కల కట్టడాలు. నక్కలపల్లి, గాడేపల్లి, గుంటూరుపల్లి వైపు ప్లాట్ల బోర్డులు వస్తాయి, అది ఆగదు. ఎత్తు నిబంధనలు విమానం తగలకుండా చూస్తాయి. గాలి సుడులు రాకుండా చూడవు. ఏ గోదామో, హ్యాంగరో, చెట్ల వరసో రన్‌వేకు గాలి వచ్చే పక్కన ఉంటే, దాని ఎత్తుకు పది రెట్లు, అంతకు మించిన దూరం దాకా గాలి తిరగబడుతూ ఉంటుంది. పన్నెండు మీటర్ల హ్యాంగర్ నూట ఇరవై మీటర్ల అవతల కూడా 152 రెక్కను ఎత్తి పడేయగలదు. విమానం ఫ్లేర్‌లో ఉండే చోట, అంటే రన్‌వే కొస నుంచి మొదటి మూడు నాలుగు వందల మీటర్ల పొడవునా, నైరుతి, పడమర పక్కల్లో పెద్ద కట్టడాలకు చోటివ్వొద్దు. హ్యాంగర్ల స్థలాన్ని మాస్టర్ ప్లాన్‌లో ఖరారు చేసేటప్పుడే ఈ లెక్క చూడాలి, పునాదులు పడ్డాక చూసి లాభం లేదు. జిల్లా యంత్రాంగం, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఈ గాలి వివరాలను ప్రజలకు అందుబాటులో పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్,
హనుమకొండ